పంటి నొప్పి.. పసి చదువుకు ఆటంకం
పుచ్చుకూ గారకూ తేడా తెలియక పిల్లలకు అవస్థ

నల్గొండ: పాఠశాలకు వెళ్లే బిడ్డకు జ్వరం వస్తే తల్లిదండ్రులు వెంటనే ఆసుపత్రికి తీసుకెళతారు. పన్ను నొప్పి అంటే మాత్రం లవంగం పెట్టి పడుకోబెడతారు. పాల పన్నే కదా, నేడో రేపో ఊడిపోతుందిలే అని సరిపెట్టుకుంటారు. ఈ నిర్లక్ష్యానికి మూల్యం పంటితోనే ముగియదు. ఆ బిడ్డ తినే అన్నం, పోయే నిద్ర, వినే పాఠం, తోటివారితో నవ్వే నవ్వు.. అన్నింటిపైనా దాని ప్రభావం పడుతుంది.

ఫ్లోరైడ్‌ పీడిత ప్రాంతంగా దేశమంతటికీ తెలిసిన ఉమ్మడి నల్గొండ జిల్లాలో దీనికి మరో కోణం ఉంది. ఇక్కడి పిల్లల పళ్లను వేధించే సమస్యలు రెండు. ఒకటి తీపి వల్ల వచ్చే పుచ్చు. రెండోది నీటి వల్ల వచ్చే గార. వీటికి కారణం వేరు, బాధ వేరు, చికిత్స వేరు. రెండూ ఒకటేనని భావించడం వల్ల వైద్యం అవసరమైన బిడ్డకు సకాలంలో అది అందదు. ఏ తప్పూ చేయని బిడ్డకు మందలింపులు తప్పవు.

ఎనిమిది పనులే కొలమానం

నోటి ఆరోగ్యాన్ని ఒకప్పుడు పుచ్చిన పళ్ల లెక్కతోనే కొలిచేవారు. ఎన్ని పుచ్చాయి, ఎన్ని ఊడాయి, ఎన్నింటికి సిమెంటు నింపారు అన్నదే లెక్క. ఆ అంకె బిడ్డ రోజు ఎలా గడుస్తోందో చెప్పదు. అందుకే పరిశోధకులు 2004లో పిల్లల కోసం ‘చైల్డ్‌ ఓఐడీపీ’ అనే కొలమానాన్ని వెలువరించారు. ఇందులో వైద్యుడు నోరు చూడడానికి బదులు బిడ్డనే ప్రశ్నలు అడుగుతారు. గడచిన మూడు నెలల్లో నోటి సమస్య వల్ల ఎనిమిది పనుల్లో ఏది ఇబ్బందిగా మారిందో తెలుసుకుంటారు. తినడం, మాట్లాడడం, పళ్లు తోముకోవడం, నిద్రపోవడం, మనసు ప్రశాంతంగా ఉండడం, సంకోచం లేకుండా నవ్వడం, చదువుకోవడం, నలుగురితో కలవడం అన్నవే ఆ ఎనిమిది.

థాయ్‌లాండ్‌లోని సుఫాన్‌బురిలో 11, 12 ఏళ్ల వయసున్న 1,126 మంది పిల్లలను ఈ పద్ధతిలో ప్రశ్నించగా, దాదాపు 90 శాతం మంది ఏదో ఒక పనిలో ఇబ్బంది పడుతున్నట్టు తేలింది. అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది తినడం. వీరిలో చాలామందిది ప్రాణాంతకమైన జబ్బేమీ కాదు. పన్ను జివ్వుమనడం, నోటి పూత, పన్ను నొప్పి, కదులుతున్న పాల పన్ను వంటి మామూలు సమస్యలే. మామూలువని పెద్దలు కొట్టిపారేసేవే పిల్లల దినచర్యను ఎంతగా కుదిపేస్తాయో ఈ అధ్యయనం చాటింది.

మన దేశంలోనూ పరిస్థితి ఆశాజనకంగా లేదు. భారత దంత వైద్య మండలి 2002-03లో నిర్వహించిన జాతీయ సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో 51.9 శాతం, పన్నెండేళ్ల వారిలో 53.8 శాతం, పదిహేనేళ్ల వారిలో 63.1 శాతం మందికి పుచ్చు పళ్లు ఉన్నట్టు వెల్లడైంది. అంటే తరగతి గదిలోని ప్రతి బల్లపైనా సగం మందికి ఈ సమస్య ఉన్నట్టే. 2022లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 51 కోట్ల మందికి పైగా పిల్లలు పాల పళ్ల పుచ్చుతో బాధపడుతున్నారు.

పుచ్చు ఎలా పుడుతుంది?

పళ్లపై నిత్యం ఏర్పడే పలుచని పాచిలో సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే అవి చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్‌ నుంచి ఖనిజాలను కరిగిస్తుంది. లాలాజలం ఆమ్లాన్ని తగ్గించి, కోల్పోయిన ఖనిజాలను తిరిగి చేరుస్తుంది. ఇందుకు అర గంట నుంచి గంట వరకు పడుతుంది. ఈలోగా బిడ్డ మరో బిస్కెట్‌ తింటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

అందువల్ల ఎంత తీపి తిన్నారన్న దానితో పాటు, రోజులో ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యమే. భోజనంతో పాటు ఒక లడ్డు తిన్న బిడ్డ పళ్ల కంటే, అదే తీపిని చాక్లెట్ల రూపంలో పొద్దస్తమానం చప్పరించే బిడ్డ పళ్లకే ముప్పు ఎక్కువ. ఉదయం టీలో ముంచిన బిస్కెట్లు, బడి విరామంలో చాక్లెట్‌, సాయంత్రం కూల్‌డ్రింకు, రాత్రి పడుకోబోయే ముందు చక్కెర కలిపిన పాలు.. ఇలా సాగే రోజులో పళ్లకు కోలుకునే వ్యవధే దొరకదు. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. కావున రాత్రి తీపి తిని, పళ్లు తోముకోకుండా నిద్రించడం అత్యంత హానికరం.

విడిగా కలిపే చక్కెర ద్వారా వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో పది శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1,600 కిలోకేలరీలు అవసరమయ్యే బిడ్డకు ఇది 40 గ్రాములు. 250 మిల్లీలీటర్ల కోలా సీసా ఒక్కటే తాగితే ఇందులో 25 గ్రాములకు పైగా చేరిపోతుంది. బెల్లం, తేనె సహజమైనవి కనుక పళ్లకు ఏమీ కాదనుకోవడం కూడా పొరపాటే. సూక్ష్మజీవులకు అవీ తీపే.

నమలలేరు.. నిద్రపోలేరు

పుచ్చు ఎనామిల్‌ను దాటి లోపలి పొరకు చేరగానే చల్లని నీళ్లు, తీపి తగిలితే పన్ను జివ్వుమంటుంది. అది నరానికి చేరితే నొప్పి విడవదు. అప్పటి నుంచి బిడ్డ ఒక దవడతోనే నములుతాడు. జామకాయ, మొక్కజొన్న కంకి, రొట్టె వంటి వాటిని పక్కన పెడతాడు. మెత్తని అన్నం, బిస్కెట్లు మాత్రం మింగుతాడు. మధ్యాహ్న భోజనం పళ్లెంలో మిగిలితే ‘వీడికి తిండి మీద ధ్యాస లేదు’ అంటారే తప్ప నోరు తెరిచి చూసేవారు అరుదు. మెత్తని తీపి పదార్థాలకు అలవాటు పడడం వల్ల పుచ్చు మరింత పెరుగుతుంది. ఇదొక విషవలయం.

పంటి నొప్పి రాత్రివేళ ఎక్కువ కావడానికీ కారణం ఉంది. పడుకున్నప్పుడు తల భాగానికి రక్త ప్రసరణ పెరిగి, వాచిన నరంపై ఒత్తిడి అధికమవుతుంది. పగలు ఆటల్లో మరచిన నొప్పి రాత్రి పడక మీద తెలుస్తుంది. నిద్ర లేని బిడ్డ మరునాడు తరగతిలో కునుకు తీస్తాడు. విసుక్కుంటాడు. చెప్పింది వినడు. ఉపాధ్యాయుడికి అతను అశ్రద్ధగా ఉన్నట్టే కనిపిస్తాడు.

హాజరుపైనా దీని ప్రభావం ఉంటుంది. అమెరికాలోని నార్త్‌ కరోలినా రాష్ట్రంలో జరిగిన అధ్యయనం 2011లో ప్రచురితమైంది. నోటి ఆరోగ్యం బాగాలేని పిల్లలు పంటి నొప్పి కారణంగా బడి మానే అవకాశం, మిగతా వారి కంటే దాదాపు మూడు రెట్లు అధికమని అందులో తేలింది. నొప్పితో బడి మానిన పిల్లలు చదువులోనూ వెనకబడ్డారు. పళ్ల పరీక్ష కోసం, ముందుజాగ్రత్త వైద్యం కోసం బడి మానిన వారిలో మాత్రం అటువంటి తేడా కనిపించలేదు. ఒక పూట సెలవు పెట్టించి వైద్యుడికి చూపిస్తే చదువు పాడవుతుందని వెనుకాడే తల్లిదండ్రులు ఈ విషయాన్ని గమనించాలి.

గార పళ్లు.. బిడ్డ తప్పు కాదు

రెండో సమస్యది మరో కథ. ఫ్లోరైడ్‌ కొద్ది మోతాదులో పంటిని పుచ్చు నుంచి కాపాడుతుంది. మోతాదు మించితే అదే పంటిని పాడుచేస్తుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. మన ప్రాంతపు గ్రానైటు శిలల్లో ఫ్లోరైడ్‌ ఖనిజాలు ఉన్నాయి. బోర్లు లోతుకు వెళ్లే కొద్దీ ఆ శిలలతో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీరే పైకి వస్తుంది.

తెలుగు నేలకు ఈ వ్యాధి కొత్తది కాదు. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో దీన్ని వైద్యులు గుర్తించి వివరించారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్‌ పరిశోధన సంస్థ రూపొందించిన విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. ఈ నేల అనుభవించిన వ్యథకు ఆ పేరే నిదర్శనం.

శాశ్వత దంతాల ఎనామిల్‌ చిగురు లోపల రూపుదిద్దుకునేది పుట్టిన నాటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల లోపు. ఆ కాలంలో ఫ్లోరైడ్‌ అధికంగా ఒంట్లో చేరితే ఎనామిల్‌ సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేటప్పటికే దానిపై సుద్ద వంటి తెల్లని మచ్చలో, అడ్డ చారలో ఉంటాయి. కాలక్రమంలో అవి పసుపు, గోధుమ రంగుకు మారతాయి. తీవ్రమైతే గుంటలు పడతాయి. అంటే ఈ రంగు పంటి పైన అంటుకున్న మురికి కాదు. పంటితో పాటే పుట్టినది. ఎంత తోమినా పోదు.

ఈ ఒక్క విషయం తెలియక ఎందరో పిల్లలు మాటలు పడుతుంటారు. ‘పళ్లు తోముకోవా’ అని తరగతిలో అందరి ముందు అడిగితే ఆ బిడ్డ ఇక నోరు విప్పడు. గట్టిగా పాఠం చదవమంటే తడబడతాడు. ఫొటో తీసేటప్పుడు పెదవులు బిగిస్తాడు. నవ్వు వస్తే అరచేయి అడ్డు పెట్టుకుంటాడు. గార పళ్లు సాధారణంగా నొప్పి పెట్టవు. వాటి దెబ్బ నేరుగా మనసు మీద పడుతుంది. ఎనిమిది పనుల కొలమానంలో పుచ్చు తిండినీ నిద్రనూ హరిస్తే, గార నవ్వునూ నలుగురితో కలవడాన్నీ హరిస్తుంది.

మచ్చలు పోవాలని ఇటుక పొడి, బొగ్గు, ఇసుకతో రుద్దించడం మరింత కీడు. అసలే బలహీనమైన ఎనామిల్‌ అరిగిపోయి పన్ను జివ్వుమనడం మొదలవుతుంది. గుంటలు పడిన పళ్లలో ఆహారం ఇరుక్కుని పుచ్చు కూడా తోడవుతుంది. పలుచని మచ్చలను దంత వైద్యులు పైపైన సానబట్టే విధానంతో తగ్గించగలరు. ముదురు రంగుకూ, గుంటలకూ పంటి రంగు పూతలు, తొడుగులు అందుబాటులో ఉన్నాయి. ఏ వయసులో ఏది తగినదో వైద్యుడే నిర్ణయించాలి.

నీరు మారితే పళ్లూ మారతాయి

ఉమ్మడి జిల్లాలోని ఫ్లోరైడ్‌ పీడిత గ్రామాలకు దశలవారీగా కృష్ణా జలాలు చేరాయి. 2016లో మిషన్‌ భగీరథ పథకం ప్రారంభమైంది. 2015లో తెలంగాణలో 967గా ఉన్న ఫ్లోరైడ్‌ ప్రభావిత ఆవాసాల సంఖ్య 2020 ఆగస్టు నాటికి సున్నాకు చేరిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఆవాసాలకు సురక్షిత నీటి సరఫరా ఉందన్నదే ఈ లెక్కకు అర్థం. భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్‌ ఎక్కడికీ పోలేదు. నల్లా రాని రోజున, పొలం పనుల వద్ద బోరు నీటినే తాగితే ముప్పు యథాతథంగా ఉంటుంది. బోరు నీటితో వండిన అన్నం, పప్పు ద్వారా కూడా ఫ్లోరైడ్‌ శరీరంలో చేరుతుంది.

నీటిని మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్‌ పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. తల్లిపాలలో ఫ్లోరైడ్‌ అత్యల్పం. కావున మొదటి ఆరు నెలలు తల్లిపాలే పట్టి, ఆ తరువాత ఉగ్గు, అన్నం వండేందుకు సురక్షిత జలాలనే వాడితే ఆ బిడ్డ ముందు పళ్లు తెల్లగా వచ్చే అవకాశం మెరుగవుతుంది. తేయాకులోనూ ఫ్లోరైడ్‌ ఎక్కువ. చిన్న పిల్లలకు టీ అలవాటు చేయరాదు. ఇప్పటికే వచ్చిన పళ్లపై మచ్చలను నీటి మార్పు తుడిచివేయలేదు. అన్నకు గార పళ్లు ఉండి, తమ్ముడికి లేకపోవడం అందుకే.

ఆరేళ్ల దవడ పన్ను

పాల పళ్లు ఇరవై. వీటిలో ముందు పళ్లు ఆరేడేళ్లకే ఊడినా, దవడ పళ్లు పది నుంచి పన్నెండేళ్ల వరకు ఉంటాయి. అంటే ప్రాథమిక విద్య యావత్తూ బిడ్డ నమిలేది వాటితోనే. అవి ముందే పుచ్చి తీసివేయాల్సి వస్తే పక్క పళ్లు ఆ చోటికి ఒరిగి, కొత్తవి వంకరగా వస్తాయి. పైగా పాల పంటి వేరు వద్ద చీము పట్టితే దాని కిందే తయారవుతున్న శాశ్వత దంతం దెబ్బతినవచ్చు.

తల్లిదండ్రులు ముఖ్యంగా గుర్తించాల్సింది ఆరేళ్ల వయసులో పాల పళ్ల వెనుక వచ్చే పెద్ద దవడ పన్ను. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కనుక దీన్నీ పాల పన్నే అనుకుంటారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సినది. దాని పై భాగంలో లోతైన గీతలు ఉండడం వల్ల త్వరగా పుచ్చుతుంది. ఆ గీతలను ముందే పూడ్చే ‘సీలెంట్‌’ పూత నొప్పి లేకుండా నిమిషాల్లో పూర్తవుతుంది.

ఎక్కడ చూపించాలి?

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఆరోగ్య పరీక్షలు ఉచితం. సంచార వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వెళ్లాలన్నది నిబంధన. పరీక్షించే సమస్యల జాబితాలో పంటి జబ్బులూ ఉన్నాయి. బృందం వచ్చిన రోజున బిడ్డను బడికి పంపడం, పంటి సమస్య రాసిన చీటీ ఇస్తే దాన్ని పట్టుకుని ఆసుపత్రికి వెళ్లడం తల్లిదండ్రుల బాధ్యత. చీటీ పుస్తకాల సంచిలోనే ఉండిపోతే పరీక్ష చేసీ ఫలితం ఉండదు.

చికిత్స అనగానే డ్రిల్లింగ్‌ యంత్రం చప్పుడు గుర్తొచ్చి పిల్లలు భయపడతారు. ఆరంభ దశలోని పుచ్చును పూత మందుతో ఆపవచ్చు. సిల్వర్‌ డయమైన్‌ ఫ్లోరైడ్‌ అనే ఈ మందునూ, యంత్రం అవసరం లేకుండా చేతి పరికరాలతో శుభ్రం చేసి నింపే గ్లాస్‌ అయొనోమర్‌ సిమెంటునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. పూత మందు వల్ల పుచ్చిన చోటు నల్లబడుతుంది. అయినా పుచ్చు ఆగుతుంది, నొప్పి ముదరదు.

బడిలో చేయదగినవి

ఫిలిప్పీన్స్‌లో ‘ఫిట్‌ ఫర్‌ స్కూల్‌’ పేరిట పిల్లలంతా బడిలోనే రోజూ చేతులు కడుక్కుని, పేస్టుతో పళ్లు తోముకునే ఏర్పాటు చేశారు. ఇందుకు పెద్ద ఆసుపత్రి అవసరం లేదు. నీళ్లు, బ్రష్‌లు, పర్యవేక్షించే ఉపాధ్యాయుడు ఉంటే చాలు. మన బడుల్లోనూ మధ్యాహ్న భోజనం తరువాత నోరు పుక్కిలించే అలవాటు చేయడం, ఆవరణ బయట చాక్లెట్లు, చక్కెర పానీయాల అమ్మకాన్ని నిరుత్సాహపరచడం, తాగే నీటిని ఏటా పరీక్ష చేయించడం సాధ్యమయ్యే పనులే. అన్నింటికంటే ముందు, గార పళ్ల బిడ్డను అందరి ముందు వేలెత్తి చూపరాదు. ఆ రంగు ఎందుకు వచ్చిందో ఒకసారి తరగతిలో సైన్సు పాఠంగా చెబితే ఎగతాళి తగ్గుతుంది.

తల్లిదండ్రులూ గమనించండి

* ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తప్పనిసరిగా పళ్లు తోమించాలి. ఏడెనిమిదేళ్ల వరకు పెద్దలు దగ్గరుండి చూడాలి.

* పేస్టు మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మించాలి. బోరు నీటినే తాగే ఊళ్లలో చిన్న పిల్లలకు ఏ పేస్టు వాడాలో వైద్యుడిని అడగాలి.

* తీపిని భోజనంతో పాటే పెట్టాలి. మధ్యలో పల్లీలు, శనగలు, పండ్లు ఇవ్వాలి. దాహానికి నీళ్లే తాగించాలి.

* నెలకోసారి వెలుతురులో బిడ్డ నోరు తెరిపించి చూడాలి. దవడ పళ్లపై నల్లని చుక్క, చిగురుపై చీము పొక్కు కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

* నొప్పి ఉన్న పంటిలో పొగాకు పొడి, కర్పూరం, నొప్పి మాత్రల పొడి పెట్టరాదు. చిగురు కాలి పుండు పడుతుంది. వాచిన చెంపకు వేడి కాపడం పెట్టరాదు.

* చెంప వాపుతో పాటు జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా అది అత్యవసర పరిస్థితి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* బిడ్డ ఒకవైపే నములుతున్నా, చల్లని నీళ్లు వద్దంటున్నా, నవ్వేటప్పుడు నోరు మూసుకుంటున్నా కారణం అడగాలి. పసివారు పంటి బాధను మాటల్లో చెప్పకపోవచ్చు. వారి తిండి, నిద్ర, నవ్వు దాన్ని ముందే చెబుతాయి.